హైడ్రాక్సీక్లోరోక్విన్ వాడేవారికి ఫీల్డ్ టెస్ట్: 24-2 నార్మల్ వస్తే చాలదా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: గాజువాకలో ఉంటున్న మీ అమ్మగారికి 54 ఏళ్ళు, బరువు 47 కిలోలు. కీళ్ళవాతానికి హైడ్రాక్సీక్లోరోక్విన్ 200 మి.గ్రా. మాత్రలు రోజుకు రెండు చొప్పున ఆరేళ్ళుగా వేసుకుంటున్నారు. కళ్ళు చూపించుకు రమ్మని రుమటాలజిస్టు పంపితే ఒక చోట 24-2 అనే ఫీల్డ్ టెస్ట్ (చూపు పరిధిలో ఎక్కడెక్కడ ఎంత బాగా కనబడుతుందో చూసే పరీక్ష) చేసి నార్మల్ అన్నారు. ఇంకో డాక్టరు అది చాలదు, 10-2 కూడా కావాలన్నారు. చూపు 6/6 ఉంది, క్రియాటినిన్ 1.1. ఈ రెండో పరీక్ష నిజంగా కావాలా, మందు ఆపేయాలా, విశాఖలో ఎక్కడికి వెళ్ళాలి అని అడిగారు.

రెండో పరీక్ష కావాలి. మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. కానీ ఈ రెండింటికన్నా ముందు చూసుకోవాల్సింది డోసు.

ఈ మందు రెటీనాను (కంటి వెనక తెరను) దెబ్బతీసే ప్రమాదం బరువును బట్టి రోజూ వేసుకునే డోసు మీద, ఎన్నేళ్ళు వాడారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. అందుకే అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆప్తాల్మాలజీ 2016లో అసలు శరీర బరువు మీద కిలోకు రోజుకు 5 మి.గ్రా. దాటవద్దని చెప్పింది. ‘అసలు బరువు’ అంటే తూనిక మీద నిలబడితే చూపించేది, ఎత్తును బట్టి లెక్కగట్టే ఆదర్శ బరువు కాదు. 47 కిలోలకు లెక్క వేస్తే రోజుకు 235 మి.గ్రా. మీ అమ్మగారు వేసుకుంటున్నది 400, అంటే కిలోకు 8.5. రోజుకు రెండు మాత్రలు 80 కిలోల మనిషికి సరిపోయే డోసు. మన దగ్గర 45, 50 కిలోల ఆడవాళ్ళకు కూడా అదే చీటీ రాసేస్తుంటారు, ఏళ్ళ తరబడి అదే చీటీ మీద మందుల షాపులో కొనుక్కుంటూ పోతారు. 200, 400 మార్చి మార్చి వేసుకున్నా సగటు 300 అవుతుంది, అంటే కిలోకు 6.4, అదీ ఎక్కువే. వారానికి 8 మాత్రలు, అంటే ఆరు రోజులు ఒక్కోటి, ఒక రోజు రెండు వేసుకుంటే సగటున 229 మి.గ్రా. పడుతుంది. కిలోకు 4.9 అన్నమాట. ఈ లెక్క కాగితం మీద రాసుకుని రుమటాలజిస్టు ముందు పెట్టండి. తగ్గించాలో లేదో, ఎంత తగ్గించాలో జబ్బు ఎంత అదుపులో ఉందో చూసి ఆయన నిర్ణయిస్తారు.

రెండోది కిడ్నీ. ఈ మందు ఒంట్లోంచి బయటికి పోవడంలో కిడ్నీల పాత్ర పెద్దది. 1.1 క్రియాటినిన్ ల్యాబ్ కాగితం మీద నార్మల్ గీతలోపలే కనబడుతుంది. కానీ 54 ఏళ్ళ స్త్రీకి ఇప్పుడు వాడుకలో ఉన్న సీకేడీ-ఈపీఐ సూత్రంతో లెక్క కడితే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం అంచనా) దాదాపు 60 వస్తుంది. 60 కన్నా తగ్గితే అది పెద్ద ప్రమాద కారణాల జాబితాలోకి వెళ్తుంది. మీ అమ్మగారు సరిగ్గా ఆ గీత మీద ఉన్నారు. ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి ఉత్తరాంధ్రలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు. శ్రీకాకుళం వైపు మూలాలున్నవాళ్ళు, ఏళ్ళ తరబడి నొప్పి మాత్రలు మింగినవాళ్ళు క్రియాటినిన్ అంకె చూసి ఊరుకోకుండా ఈజీఎఫ్ఆర్ అడిగి రాయించుకోవాలి.

2014లో మెల్లెస్, మార్మర్ అనే ఇద్దరు ఐదేళ్ళకు మించి ఈ మందు వాడిన 2,361 మందిని పరిశీలించి ప్రచురించిన లెక్కల మీదే ఇవాళ్టి సూచనలు నిలబడి ఉన్నాయి. కిలోకు 5 మి.గ్రా. లోపల ఉంటే మొదటి ఐదేళ్ళలో ప్రమాదం ఒక శాతం లోపు, పదేళ్ళకు రెండు శాతం లోపు, ఇరవయ్యేళ్ళు దాటాక దాదాపు 20 శాతం. కిడ్నీ జబ్బు ప్రమాదాన్ని సుమారు రెండింతలు చేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే టమాక్సిఫెన్ కూడా తోడైతే నాలుగింతలు దాటుతుంది. కాబట్టి భయపడి మందు మానేయాల్సిన పని లేదు, డోసు సరిగా ఉంటే ఇది చాలా మంచి మందు. కోవిడ్ రోజుల్లో కొన్ని వారాలు వేసుకుని మానేసినవాళ్ళు ఈ పరీక్షల కోసం పరుగెత్తనక్కర్లేదు కూడా.

ఇంకో గుంపు గురించి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే వాళ్ళను ఎవరూ కంటి డాక్టరు దగ్గరకు పంపరు. మన దేశంలో ఈ మందును షుగరుకు కూడా, మిగతా మాత్రలకు తోడుగా, రోజుకు 400 మి.గ్రా. రాస్తున్నారు. వాళ్ళకు షుగరు వల్ల మాక్యులా (రెటీనా మధ్యభాగం) ముందే చెడి ఉండొచ్చు, కిడ్నీ కూడా నెమ్మదించి ఉండొచ్చు. మీ ఇంట్లో షుగరు మందుల పెట్టెలో ఈ పేరు కనబడితే ఈ సమాధానమంతా వాళ్ళకూ వర్తిస్తుంది.

ఇక ఫీల్డ్ టెస్ట్. 24-2, 10-2 అన్నవి ఒకే మెషీన్‌లో ఉండే రెండు ప్రోగ్రాములు. 24-2 మధ్య నుంచి 24 డిగ్రీల దాకా 54 చోట్ల వెలుగు చుక్క వేసి చూస్తుంది, చుక్కకూ చుక్కకూ మధ్య 6 డిగ్రీల దూరం. 10-2 మధ్య 10 డిగ్రీల్లోనే 68 చుక్కలు వేస్తుంది, దూరం 2 డిగ్రీలు. ఈ మందు మొదట కొరికేది చూపు మధ్యబిందువును కాదు, దాని చుట్టూ 2 నుంచి 6 డిగ్రీల మధ్య ఉండే పట్టీని. ఆ పట్టీలో 10-2 చుక్కలు 28 పడతాయి. 24-2 చుక్కలు నాలుగే నాలుగు. పెద్ద కన్నుల వలలోంచి చిన్న చేప జారిపోయినట్టే తొలి మచ్చ ఆ నాలుగు చుక్కల సందుల్లోంచి జారిపోతుంది. మధ్యబిందువు చెక్కుచెదరకుండా ఉండటం వల్లే చార్టు మీద అక్షరాలు 6/6 చదివేస్తారు. 6/6 ఉందన్నది ఇక్కడ భరోసా కాదు.

అలాగని 24-2 డబ్బు దండగ అనుకోకండి. 2015లో వచ్చిన మరో అధ్యయనంలో, ఈ మందు వల్ల రెటీనా చెడిన ఆసియా సంతతి రోగుల్లో సగం మందికి నష్టం మధ్య పట్టీలో కాక ఇంకా బయట, రెటీనాలో పెద్ద రక్తనాళాలు వంపు తిరిగే చోట మొదలైంది. తెల్లవాళ్ళలో అలా కనిపించింది రెండు శాతం మందిలోనే. ఆ బయటి నష్టం 10-2 అంచు దాటి ఉంటుంది కాబట్టి 10-2 ఒక్కటే చేస్తే శుభ్రంగా నార్మల్ వచ్చేస్తుంది. అందుకే మన వాళ్ళకు 10-2తో పాటు 24-2 గానీ 30-2 గానీ చేయాలి. మీ అమ్మగారికి సగం పని అయింది, మిగతా సగం చేయించాలి, అంతే. కొత్త మెషీన్లలో 24-2సీ అని మధ్యలో పది చుక్కలు ఎక్కువ వేసే ప్రోగ్రాం ఉంది. మామూలు 24-2 కన్నా మెరుగే గానీ 10-2కు బదులు కాదు.

‘నార్మల్ అన్నారు’ అన్నదాన్ని కూడా కొంచెం తరచి చూడాలి. 24-2 కాగితం కుడివైపు జీహెచ్‌టీ అని ఒక వరుస ఉంటుంది, దాని ఎదురుగా నార్మల్ లిమిట్స్‌లో ఉందనో లేదనో మెషీనే రాస్తుంది. చాలా చోట్ల ఆ ఒక్క వరుస చదివి పంపేస్తారు. ఆ పరీక్ష నీటికాసుల (గ్లాకోమా) కోసం పుట్టింది. ముఖ్యంగా పై సగాన్ని కింది సగంతో పోల్చి తేడా ఉంటే గంట కొడుతుంది. ఈ మందు చేసే మచ్చ ఉంగరంలా గుండ్రంగా వస్తే పైనా కిందా సమానంగా చెడుతుంది, జీహెచ్‌టీకి తేడా కనబడకపోవచ్చు. 10-2 కాగితంలో ఆ వరుసే ఉండదు, చుక్కలు చూసి మనిషే చదవాలి.

పరీక్ష రోజు పరిస్థితి ఎలా ఉందన్నది మెషీన్ ఖరీదు కన్నా ముఖ్యం. చెడ్డ ఫీల్డ్ టెస్ట్ లేనిపోని మచ్చలు చూపిస్తుంది, ఆ కాగితం పట్టుకుని ఎవరో మందు ఆపిస్తారు, నెల తిరిగేసరికి కీళ్ళు బిగుసుకుంటాయి. అందుకని దీని మీద కొంచెం ఎక్కువే రాస్తున్నాను.

కంట్లో చుక్కల మందు వేసి కంటిపాపను పెద్దది చేయకముందే ఫీల్డ్ టెస్ట్ అయిపోవాలి. రంగు మందు వేసి కంటి ప్రెషర్ చూడటం కూడా ఆ తర్వాతే. వరుస ఇలా ఉండాలి: చూపు, అద్దాల నెంబరు, ఫీల్డ్, తర్వాత చుక్కలు, ఆ తర్వాత రెటీనా చూడటం, ఫొటోలు. రద్దీలో రాగానే అందరికీ చుక్కలు వేసేస్తారు, కాబట్టి కౌంటర్ దగ్గరే చెప్పండి. తెల్లవారుజామున పలాస నుంచో పాడేరు నుంచో బయల్దేరి వచ్చినవాళ్ళు టిఫిన్ తిని, అరగంట కూర్చుని, అప్పుడు మెషీన్ ముందుకు వెళ్ళాలి. ఖాళీ కడుపుతో నిద్రమత్తులో చేసిన పరీక్షలో అంచులన్నీ నల్లబడతాయి.

పుట్టిన తేదీ సరిగా ఎక్కించారో లేదో చూడండి. మెషీన్ ప్రతి చుక్కనూ అదే వయసు ఆరోగ్యవంతులతో పోలుస్తుంది. ఆధార్‌లో జనవరి 1 అని పడి, పుట్టిన ఏడాది కూడా అంచనాగా రాసిన అమ్మలు మనకు ఎంతోమంది. నిజమైన వయసు చెప్పండి. ప్రతి ఏడాదీ అదే తేదీ, అదే ఐడీ నెంబరు, పేరుకు అవే స్పెల్లింగులు ఉండాలి. లక్ష్మి అన్న పేరును ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా కొడితే మెషీన్ దృష్టిలో ఇద్దరు మనుషులు. పాత పరీక్షలన్నీ ఒకే కాగితం మీద పక్కపక్కన వచ్చే ప్రింటు అప్పుడు రాదు, అసలు విలువంతా ఆ ప్రింటులోనే ఉంది.

అద్దం: వెలుగు పడే గిన్నె కంటికి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది కాబట్టి దూరపు నెంబరుకు వయసును బట్టి దగ్గరి నెంబరు కలిపి సన్నటి అంచున్న లెన్స్ పెట్టాలి. 60 దాటినవారికి, శుక్లం ఆపరేషన్ అయినవారికి 3.25 ప్లస్ కలుపుతారు, మిగతావారికి వయసు ఎక్కిస్తే మెషీనే లెక్క చెబుతుంది. సొంత ప్రోగ్రెసివ్ అద్దాలతో ఎప్పుడూ చేయకూడదు. ఒక డయాప్టర్ తప్పు పడితే మధ్య చుక్కలన్నీ ఒక డెసిబెల్‌కు (మెషీన్ చూపును కొలిచే ప్రమాణం) పైగా తగ్గిపోతాయి. మనం వెతుకుతున్న తొలి నష్టం కూడా కొద్ది డెసిబెల్స్‌లోనే ఉంటుంది మరి. లెన్స్ కంటికి దగ్గరగా, మధ్యలో ఉండాలి. దూరంగా ఉంటే 24-2, 30-2ల్లో దాని అంచే నల్లటి వలయంలా పడుతుంది. అది మరీ బయటి చుక్కల్లో, ఒక్కసారిగా సున్నాకు దిగిపోయి కనబడుతుంది. మందు వల్ల వచ్చేది అలా గోడలా ఉండదు.

కీళ్ళవాతం ఉన్నవాళ్ళకు ఇంకొన్ని జాగ్రత్తలు కావాలి. మెడ వంచి గడ్డం ఆనించలేకపోతే మెషీన్ బల్లను దించాలి, మనిషిని వంచకూడదు. వేళ్ళు బిగుసుకుని ఉంటే బటన్‌ను అరచేతిలో పెట్టి బొటనవేలితో నొక్కించాలి, మొదలుపెట్టేముందు నాలుగైదుసార్లు ఉత్తుత్తిగా నొక్కించి చూడాలి. నొక్కడం ఆలస్యమయ్యేవారికి పరీక్ష వేగం తగ్గించే వీలు మెషీన్‌లో ఉంది. పొద్దున పూట బిగుతు ఎక్కువైతే స్లాటు పదకొండు తర్వాత అడగండి. షోగ్రెన్ జబ్బు తోడుగా ఉండి కళ్ళు పొడిబారేవారికి పరీక్షకు ముందు కన్నీటి చుక్కలు వేయాలి. లేకపోతే రెండో నిమిషానికల్లా వెలుగు చుక్కలు మసకబారి మధ్యంతా నీరసంగా కనబడుతుంది. పై రెప్ప జారి ఉంటే ప్లాస్టర్‌తో ఎత్తి కట్టాలి. రెప్ప నీడ పైభాగంలో పడుతుంది, ఈ మందు మచ్చ కూడా చాలామందిలో పైభాగంలోనే ముందు కనబడుతుంది. ఆ రెండూ కలిస్తే ఎవరూ విడదీయలేరు.

టెక్నీషియన్ రోగికి ఏం చెబుతాడన్నదాని మీద సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. ‘లైటు కనిపిస్తే నొక్కమ్మా’ అంటే చాలదు. ఇలా చెప్పాలి: ‘ఎదురుగా ఉన్న పసుపు దీపాన్నే చూస్తూ ఉండండి. పక్కల ఎక్కడో ఒకచోట చిన్న వెలుగు మెరుస్తుంది, మెరిసినట్టు అనిపిస్తే నొక్కండి. దాన్ని వెతుక్కుంటూ కన్ను తిప్పకండి. కొన్ని బాగా మసగ్గా ఉంటాయి, చాలావాటిని ఎవరికైనా చూడటం కుదరదు, కంగారుపడొద్దు. రెప్ప వాల్చుకోవచ్చు, నొక్కేటప్పుడు వాలిస్తే మంచిది. అలసిపోతే బటన్ నొక్కిపట్టి ఉంచండి, మెషీన్ ఆగుతుంది.’ ఆ మసక సంగతి ముందే చెప్పకపోతే పెద్దవాళ్ళు తమకు చూపు పోయిందని బెదిరి, కనబడకపోయినా నొక్కడం మొదలుపెడతారు. పది క్షణాలు ఏమీ కనబడకపోతే పరీక్ష ఆగిపోయిందని తల తీసేవాళ్ళూ ఉంటారు. కంటికి 5 నుంచి 7 నిమిషాలు పట్టే పరీక్ష, రెండు కళ్ళ మధ్య ఐదు నిమిషాలు విరామం ఇవ్వాలి. 10-2, 24-2 రెండూ ఒకే పూట వరుసగా చేయిస్తే, రెండు కళ్ళకూ కలిపి నాలుగు పరీక్షలు, నాలుగోది పనికిరాకుండా పోతుంది. వీలైతే రెండోది ఇంకో రోజు చేయించండి, గాజువాక నుంచి మళ్ళీ రావడం కష్టమైతే కనీసం భోజనం తర్వాతకు మార్చండి.

ఎరుపు చుక్కతో చేసే 10-2 గురించి పాత పుస్తకాల్లో ఉంటుంది. అది ముందుగా పట్టినట్టు కనిపించినా ఉత్తుత్తి మచ్చలు కూడా ఎక్కువ చూపిస్తుంది. తెల్ల చుక్క, సైజు మూడు, సీతా స్టాండర్డ్ గానీ సీతా ఫాస్ట్ గానీ (మెషీన్‌లో ఉండే పరీక్ష పద్ధతులు) చాలు. ఏది మొదలుపెడితే ఏటా అదే చేయించండి. ఫోవియా (చూపు మధ్యబిందువు) కొలత ఆన్ చేయమని అడగండి, అరనిమిషం కూడా పట్టదు. 6/6 ఉన్న కంటికి ఆ అంకె 30ల మధ్యలో రావాలి. 28 వస్తే ముందు అనుమానించాల్సింది లెన్స్‌ను.

కాగితం చేతికొచ్చాక మొదట చూడాల్సింది బొమ్మ కాదు, పైన ఎడమ మూల ఉండే నమ్మకం అంకెలు. ఫిక్సేషన్ లాసెస్ (చూపు మధ్య దీపం మీంచి జారిన సార్లు) 20 శాతం లోపు ఉండాలి. ఫాల్స్ పాజిటివ్ 15 శాతం దాటితే ఆ కాగితాన్ని పక్కన పెట్టేయాలి, అది కనబడనివి కూడా నొక్కిన పరీక్ష, ఉన్న మచ్చను దాచేస్తుంది. అడుగున గేజ్ ట్రాకర్ గీతలుంటాయి. పైకి లేచినవి కన్ను పక్కకు పోయిన క్షణాలు, కిందికి దిగినవి రెప్పపాట్లు.

తర్వాత ప్యాటర్న్ డీవియేషన్ అనే చుక్కల పటం. అందరూ చూసేది నలుపు తెలుపు మచ్చల బొమ్మను, అది చుక్కల మధ్య ఊహించి నింపిన రంగు. తొలి దశలో అందులో ఏమీ కనబడదు. ఎండీ అనే సగటు అంకె కూడా అంతే, 68 చుక్కల్లో నాలుగు చెడితే సగటు కదలదు. ప్యాటర్న్ పటంలో మధ్య చుట్టూ ఉన్న రెండు మూడు వరుసల్లో నల్లటి గళ్ళు ఉన్నాయా, అవి ఒకదానికొకటి ఆనుకుని వంపు తిరిగి ఉన్నాయా చూడాలి. చాలామందిలో అవి ముందుగా పైభాగంలో, ముక్కు వైపు వస్తాయి. రెటీనాలో కింద, కణత వైపు మొదట చెడుతుంది, ఫీల్డ్‌లో అంతా తలకిందులు కాబట్టి. నీటికాసుల మచ్చ అడ్డగీత దగ్గర కత్తిరించినట్టు ఆగిపోతుంది. మందు మచ్చ గీతను ఖాతరు చేయదు, దాటి వంగుతుంది. రెండు కళ్ళలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. ఒక కంట్లో మాత్రమే ఉంటే ముందు వేరే కారణం వెతకాలి. ఎక్కడెక్కడో విడివిడిగా చెదిరిన గళ్ళు ఎక్కువసార్లు పరధ్యానం ఫలితమే. నష్టం ముదిరి మధ్య అంతా చెడిపోయినప్పుడు మాత్రం ప్యాటర్న్ పటం మోసం చేస్తుంది, అది తక్కువగా చూపిస్తుంది. అప్పుడు టోటల్ డీవియేషన్ చూడాలి.

మొదటిసారి చేసినవారిలో సగం గందరగోళం అలవాటు లేకపోవడమే. అందుకని మొదటి పరీక్ష బాగా లేకపోతే దాన్ని పునాదిగా పెట్టుకోకూడదు, రెండు మూడు వారాల్లో మళ్ళీ చేయించి ఆ కాగితాన్ని పునాదిగా ఉంచుకోవాలి. అనుమానం వచ్చినప్పుడూ ఇదే పద్ధతి. రెండోసారి గళ్ళు చోటు మారితే వదిలేయొచ్చు. అవే చోట్ల మళ్ళీ వస్తే, అవి రెండే అయినా సరే, పట్టించుకోవాలి.

అప్పుడైనా ఫీల్డ్ ఒక్కదాని మీద తీర్పు చెప్పకూడదు. రోగి నొక్కితే వచ్చే పరీక్ష ఇది, రోగి ప్రమేయం లేని పరీక్ష ఒకటైనా దానితో ఏకీభవించాలి. అది ఎస్‌డీ-ఓసీటీ, అంటే రెటీనా పొరలను అడ్డంగా కోసినట్టు చూపించే స్కాన్. అందులో ఎలిప్సాయిడ్ జోన్ అనే తెల్లటి గీత మధ్యబిందువుకు పక్కల పలచబడిందా, తెగిందా చూస్తారు. మాక్యులా మందం రంగుల పటం ఒక్కటి ప్రింట్ చేసి ఇస్తే చాలదు, నలుపు తెలుపు అడ్డకోతలు కావాలి. మామూలు 6 మిల్లీమీటర్ల స్కాన్ మధ్యకే పరిమితం, ఇందాక చెప్పిన బయటి రకం నష్టం దొరకాలంటే 9 నుంచి 12 మిల్లీమీటర్ల వెడల్పు స్కాన్ తీయాలి. ఫండస్ ఆటోఫ్లోరోసెన్స్ ఫొటో మూడోది, రెటీనా తనంతట తాను వెలిగే మెరుపును అది పట్టుకుంటుంది. చెడుతున్న చోటు మొదట ఎక్కువ మెరిసి, తర్వాత నల్లబడుతుంది. ఫీల్డ్ ఒకటి, ఓసీటీ ఒకటి చెబితే మల్టీఫోకల్ ఈఆర్‌జీ (వెలుగుకు రెటీనాలో పుట్టే విద్యుత్ సంకేతాలను కొలిచే పరీక్ష) చేయిస్తారు, అది అన్నిచోట్లా ఉండదు. కొందరిలో ఓసీటీ శుభ్రంగా ఉండగానే ఫీల్డ్‌లో ఉంగరం కనబడుతుంది, అందుకే దీన్ని మానేయడానికి వీల్లేదు. బ్రిటన్‌లో రాయల్ కాలేజీ ఓసీటీనీ ఆటోఫ్లోరోసెన్స్‌నూ ముందు పెట్టి, వాటిలో తేడా వస్తేనే ఫీల్డ్ చేయమంటుంది. వెడల్పు ఫొటో తీసే మెషీన్ అన్నిచోట్లా దొరకని మనకు అమెరికా పద్ధతే, అంటే రెండూ మొదటినుంచీ చేయడమే నయమని నా అభిప్రాయం.

గళ్ళ కాగితం, అదే ఆమ్స్లర్ గ్రిడ్, రంగుల పుస్తకం, టార్చితో రెటీనా చూసి బాగుందనడం, ఇవి తొలి నష్టాన్ని పట్టలేవు. డాక్టరు కంటికి రెటీనా మధ్య చుట్టూ ఎద్దుకన్ను లాంటి వలయం కనబడేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. ఆ నష్టం వెనక్కి రాదు, మందు ఆపాక కూడా కొంత ముందుకు పోవచ్చు. గీత పలచబడిన దశలోనే పట్టుకుంటే అక్కడితో ఆగే అవకాశం చాలా ఎక్కువ.

విశాఖలో ఎక్కడికి వెళ్ళాలన్నారు. ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, హనుమంతవాక దగ్గర ఎల్‌.వి.ప్రసాద్ ఉంది, పెద్ద ప్రైవేటు కంటి ఆసుపత్రులు చాలానే ఉన్నాయి. బయల్దేరేముందు ఫోన్ చేసి 10-2 ప్రోగ్రాం చేస్తారా, ఎస్‌డీ-ఓసీటీ ఉందా, ఆటోఫ్లోరోసెన్స్ తీస్తారా అని అడగండి. ఎక్కడ మొదలుపెట్టినా ఏటా అక్కడికే వెళ్ళండి. హంఫ్రీ, ఆక్టోపస్ అన్నవి రెండు వేర్వేరు రకాల ఫీల్డ్ మెషీన్లు, ఒకదాని కాగితాన్ని ఇంకోదానితో అంకెకు అంకె పోల్చలేం. ఆక్టోపస్‌లో నష్టం పెరిగితే సగటు అంకె ప్లస్ వైపు పెరుగుతుంది, హంఫ్రీలో మైనస్ వైపు. తలకు తగిలించుకునే కళ్ళజోడు మెషీన్లకూ ఇదే మాట.

వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి: మందు మొదలైన నెల, ఏడు, మధ్యలో డోసు మారితే ఆ వివరం, ఆ రోజు బరువు, ఇటీవలి క్రియాటినిన్, మిగతా మందుల చీటీలు, మొన్నటి 24-2 ఒరిజినల్ కాగితం. ఫోన్‌లో తీసిన ఫొటోలో ప్యాటర్న్ పటం గళ్ళు కలిసిపోతాయి.

ఈ లెక్కంతా హైడ్రాక్సీక్లోరోక్విన్‌కే. పాత క్లోరోక్విన్ అయితే హద్దు కిలోకు 2.3 మి.గ్రా. మూర్ఛకు వాడే విగాబాట్రిన్ బయటి చూపును, ముఖ్యంగా ముక్కు వైపు, కుదించేస్తుంది, దానికి 10-2 దండగ, 30-2 గానీ ఇంకా బయటికి వెళ్ళే పరీక్ష గానీ కావాలి. టీబీకి ఇచ్చే ఇథాంబ్యుటాల్ దెబ్బతీసేది రెటీనాను కాదు, కంటి నరాన్ని. అక్కడ రంగుల పరీక్ష, చూపు చార్టు ముందు మాట్లాడతాయి.

మీ అమ్మగారి విషయానికి వస్తే, డోసు హద్దు దాటి ఉంది, ఐదేళ్ళు దాటాయి, కిడ్నీ గీత మీద ఉంది. ప్రమాద కారణాలు లేనివారికి మొదటి ఏడాదిలో ఒకసారి రెటీనా చూసి, ఐదేళ్ళ తర్వాత ఏటా పరీక్షలు మొదలుపెట్టినా సరిపోతుంది. ఈమెకు ఇంకా ముందే మొదలుకావాల్సింది. ఈ నెలలోనే 10-2, వెడల్పు ఓసీటీ, ఆటోఫ్లోరోసెన్స్ చేయించండి. అన్నీ బాగుంటే డోసు సరిచేసుకుని మందు కొనసాగించవచ్చు, ప్రతి ఏడాదీ అదే నెలలో 10-2, 24-2, ఓసీటీ చేయించుకుంటూ. 10-2లో మాత్రమే తేడా వస్తే మూడు నాలుగు వారాల్లో మళ్ళీ చేయించాలి, అప్పటిదాకా మందు ఆపక్కర్లేదు. ఫీల్డూ ఓసీటీ రెండూ ఒకే చోటును చూపిస్తే కంటి డాక్టరు రుమటాలజిస్టుకు ఉత్తరం రాయాలి, లేదా అక్కడికక్కడ ఫోన్‌లో మాట్లాడాలి. ఆపాలన్న మాట అప్పుడు ఇద్దరూ కలిసి చెప్పాలి, బదులుగా ఏ మందో కూడా. ఆపాక కూడా ఈ మందు రక్తంలో సగానికి తగ్గడానికే నెలకు పైగా పడుతుంది, కాబట్టి ఆ తర్వాతి ఏడాది ఫీల్డ్, ఓసీటీ మానేయకూడదు.